పన్నెండు నుంచి రెండు దాకా

మొన్న ఆదివారం పేపరు మడతలోంచి ఒక రంగుల కరపత్రం జారిపడింది. వియత్నాం యాత్ర, జంటలకు ప్రత్యేకమట. హనోయిలో దిగాలి, హాలాంగ్ అఖాతంలో పడవెక్కాలి, దనాంగ్ చేరి బానా కొండల మీది బంగారు వంతెన దగ్గర ఫొటో దిగాలి, చీకటి పడేసరికి హోయి ఆన్ లాంతర్లు, మర్నాడు సైగాన్, కూచీ సొరంగాలు, మళ్లీ విమానం. హనోయి నుంచి సైగాన్‌కు రైలు పట్టాల మీద 1,726 కిలోమీటర్లు. ఆ దేశం పొడవంతా ఒక్క వారంలోపే చుట్టించేస్తున్నారు. నిద్రలేపే వేళ, బస్సెక్కే వేళ, తినే వేళ అన్నీ అచ్చు వేశారు. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చునే వేళ ఎక్కడుందా అని కాగితం రెండువైపులా వెతికాను. లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు మొదలయ్యాక ఇలాంటివి మరీ ఎక్కువయ్యాయి. కొత్తగా పెళ్లయినవాళ్లు, ఉద్యోగాల్లో అలిసిపోయినవాళ్లు కూడబెట్టుకున్న సెలవంతా ఇందులో పోస్తున్నారంటే నాకు కష్టంగా ఉంది.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా మాట కొత్త కాదు. ఒక ఊరు, ఒక గది, చేతిలో పట్టిక ఉండకూడదు. అరకు గురించి రాసినప్పుడూ అదే అన్నాను, తంజావూరు గురించి రాసినప్పుడూ అదే. మళ్లీ అదే రాద్దామని కూర్చున్నాను. ఆ వియత్నాంలోనే నేనూ మావారూ తీరిగ్గా ఉండి వచ్చిన ఊరొకటుంది, క్వి న్యోన్. దాన్ని సాక్ష్యానికి పిలిచాను. రాస్తూ రాస్తూ ఉంటే ఆ ఊరు నా వైపు సాక్ష్యం చెప్పడం లేదు.

క్వి న్యోన్ మధ్య వియత్నాం తీరంలో దక్షిణం కొసన ఉంటుంది. మొన్నటిదాకా బిన్ దిన్ రాష్ట్రానికి ముఖ్యపట్టణం. 2025 జులైలో రాష్ట్రాలను కలిపేసినప్పుడు పడమటి కొండల్లోని జా లాయ్‌తో కలిసి ఏర్పడిన కొత్త రాష్ట్రానికీ ఇదే కేంద్రమైంది. చాంపా రాజుల కాలంలో ఈ నేల పేరు విజయ. ఉత్తరాన అమరావతి, దక్షిణాన కౌఠార, పాండురంగ. 1471లో ఉత్తరాది వియత్ రాజు లే థాన్ తోంగ్ దండెత్తి వచ్చేదాకా రాజధాని ఈ చుట్టుపక్కలే ఉండేది. ఊళ్లోనే ఇప్పటికీ జంట ఇటుక గోపురాలు నిలబడి ఉన్నాయి, పైకప్పు మూలల్లో రాతి గరుడులతో. ఆ అమరావతికీ మన అమరావతికీ ఉన్న చుట్టరికం గురించి మొదలుపెడితే నేను ఆగనని మీకు తెలుసు. ఇవాళ ఆ గోపురాల దగ్గర ఆగడం లేదు.

తూర్పున ఫువాంగ్ మై ద్వీపకల్పం సముద్రానికి అడ్డంగా ఉంటుంది. అందువల్ల ఊరి ముందున్న అఖాతంలో అల చాలావరకు మెత్తగానే వస్తుంది. విశాఖలో పెరిగిన నాకు సముద్రమంటే చూసేదే కాని దిగేది కాదు. మా తీరంలో నీళ్లు లోపలికి లాగేస్తాయి. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ పెద్దవాళ్లు చెయ్యి గట్టిగా పట్టుకుని ముంచి తీసేవారు, అంతే. నడుం లోతు దాకా నడిచి వెళ్లి అక్కడ నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చని నేను ఎన్నడూ అనుకోలేదు.

మేం వెళ్లింది నిద్రపోవడానికి. మావారు బ్యాంకు నుంచి అప్పుడే రిటైరయ్యారు. గదిలో దిగిన రాత్రి, "ఏమోయ్, ఆ అలారం తీసెయ్, ఇక మనకెందుకు?" అన్నారు. తీసేశాను. తెల్లారకముందే కింద వీధిలో చెప్పుల చప్పుడు. నాలుగున్నర దాటిందో లేదో. కిటికీలోంచి చూస్తే స్వాన్ జియూ వీధి దాటి జనం ఇసుకలోకి పోతున్నారు. ముసలాయనలు, పూలపూల చొక్కా పైజామాల్లో ఆడవాళ్లు, మనవల్ని భుజాన వేసుకున్న తాతలు. ఏదో పండగనుకున్నాం. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

అది అక్కడి వేళ. సూర్యుడు రాకముందే ఊరు నీళ్లలో ఉంటుంది. కొందరు ఈదుతారు, కొందరు ఇసుక మీద చేతులూపుతూ వ్యాయామం చేస్తారు. ఎక్కువమంది మాత్రం మెడ లోతు నీళ్లలో నలుగురైదుగురు గుండ్రంగా నిలబడి మాట్లాడుకుంటారు. ఆ మాటల్లోనే కూరగాయల ధరలూ కోడళ్లూ ఆస్పత్రులూ అన్నీ తేలిపోతాయని వాళ్ల చేతుల కదలిక చూస్తేనే తెలుస్తుంది. ఎండ పడేసరికి తీరం ఖాళీ. ఎండ ఒంటికి తగలనివ్వరు, పైగా పనికి పోవాలి. మళ్లీ సాయంత్రం ఐదింటికి వస్తారు. పదింటి ఎండలో ఇసుక మీద పడుకునేది మాలాంటి పరదేశీలే.

కొద్దిరోజులకు మేమూ ఐదింటికే నీళ్లలో ఉన్నాం. నా ఈడు ఆవిడొకరు వేళ్లు ముడిచి చూపించి పిల్లలెందరని అడిగారు. నేను చూపించాను. తన మోకాలు తట్టుకుని ముఖం చిట్లించారు. నేనూ నా మోకాలు తట్టుకున్నాను. రోజూ అదే చోట, అదే వేళకు నా కోసం చూసేవారు. మా ఇద్దరికీ ఒక్క మాట కలవదు, అయినా ఆమె రాని రోజున నాకు వెలితిగా ఉండేది.

నీళ్లలోంచి వచ్చాక కాఫీ. అక్కడి ఫిన్ మన ఫిల్టరుకు దగ్గర చుట్టం. అడుగున చిల్లులున్న చిన్న గిన్నెను గ్లాసు మీద కూర్చోబెట్టి, పొడి వేసి, పైన చిల్లుల బిళ్ల అమర్చి వేణ్నీళ్లు పోస్తారు. మనం డికాక్షను ముందే దించి పెట్టుకుంటాం. అక్కడ ఎవరి గ్లాసు మీద వాళ్ల ఫిల్టరు, చుక్క చుక్కగా దిగేదాకా కూర్చోవలసిందే. గ్లాసు అడుగున చిక్కటి తీపి డబ్బాపాలు. ఫ్రెంచివాళ్ల రోజుల్లో తాజా పాలు అందుబాటులో లేక మొదలైన అలవాటది. ప్రపంచంలో రొబస్టా గింజ అందరికంటే ఎక్కువ పండించేది వియత్నామే. ఆ చేదుకు ఆ తీపి సరిపోతుంది. పక్కన చల్లటి టీ గ్లాసు అడగకుండానే పెడతారు, దానికి డబ్బు తీసుకోరు.

మావారు నా పక్కన కూర్చోలేదు. ఆయనకు గుండ్రటి పడవలు కనిపించాయి. థుంగ్ అంటారు. చీల్చిన వెదురు బద్దలను చాపగా అల్లి, గుండ్రటి చట్రంలోకి దింపి, అంచుకు లావాటి వెదురు కట్టు బిగిస్తారు. సందులు పూడటానికి ఆవుపేడ పూసి ఎండబెట్టి, దానిమీద అడవి చెట్టు నుంచి తీసిన జిగురు నూనె పట్టిస్తారు. ఈమధ్య ఫైబరువీ ప్లాస్టిక్‌వీ వచ్చేశాయి. వెదురువి తక్కువైపోతున్నాయి. కృష్ణ మీద జాలర్ల పుట్టి చూసినవాళ్లకు ఆ ఆకారం తెలిసిందే. దాన్ని సముద్రంలో నడపడమే గొప్ప. లోతులో లంగరేసిన పెద్ద పడవకూ ఒడ్డుకూ మధ్య మనుషుల్నీ చేపల్నీ చేరవేసేవి ఇవే. పడవల మీద ఫ్రెంచివాళ్లు పన్ను వేస్తే, ఇది పడవ కాదు బుట్ట అని చెప్పుకోవడానికే పుట్టిందని ఆ తీరంలో ఒక కథ చెబుతారు.

పడవ బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన మావారు రోజూ చతికిలబడేవారు. ముందు పేడ పూయడానికి చెయ్యి వేశారు. తర్వాత ఆ పెద్దాయన తెడ్డు చేతికిచ్చారు. ఒకటే తెడ్డు, ముందువైపు నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. మణికట్టుకు ఆ లయ పట్టుబడేదాకా పడవ ఉన్నచోటే చుట్లు తిరుగుతుంది. పట్టుబడిన రోజున మావారు లంగరేసి ఉన్న పెద్ద పడవ దాకా నేరుగా వెళ్లి వచ్చారు. ఒడ్డున దిగినప్పటి ఆ ముఖం కౌంటరు వెనక గడిపిన ఇన్నేళ్లలో నేను చూడలేదు. పొద్దుటి పూట మేం కలిసి గడిపింది తక్కువే. ఆయన పని ఆయనకుంది, నా కుర్చీ నాకుంది. తొమ్మిదింటికి బున్ చా కా కొట్టు దగ్గర కలుసుకునేవాళ్లం. చేప ముద్దల ముక్కలు వేసిన సేమ్యా పులుసది. అప్పుడు చెప్పుకోవడానికి ఇద్దరి దగ్గరా కబుర్లుండేవి.

కరపత్రంలో జంట అంటే అస్తమానం చేతులు పట్టుకుని సూర్యాస్తమయం చూసేవాళ్లు. క్వి న్యోన్‌కు పేరు తెచ్చిన జంట వేరు. భౌతికశాస్త్రవేత్త ట్రాన్ థాన్ వాన్, జీవశాస్త్రవేత్త అయిన ఆయన భార్య లే కిమ్ న్గోక్. ఫ్రాన్స్‌లో స్థిరపడ్డా 1970 నుంచీ వియత్నాం అనాథ పిల్లల కోసం ఇద్దరూ పనిచేస్తూ వచ్చారు. ఊరి దక్షిణపు అంచున సముద్రం పక్కనే వాళ్లు నిలబెట్టిన అంతర్జాతీయ విజ్ఞాన కేంద్రం 2013లో తెరుచుకుంది. నోబెల్ గ్రహీతలు ఆ తీరానికి వచ్చి కుర్రవాళ్లతో మాట్లాడి వెళతారు. దానికి దగ్గర్లోనే క్వి హ్వా. 1929లో కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి కట్టిన చోటు. యువకవి హాన్ మాక్ తు 1940లో అక్కడే, ఇరవై ఎనిమిదేళ్లకే కన్నుమూశాడు. రోగులు కాపురాలుండే చిన్నచిన్న ఇళ్లు, వాటి ముందు చెట్ల నీడ, అవతల సముద్రం. ఒక సాయంత్రమంతా అక్కడ తిరిగాం. దాని గురించి విడిగా రాయాలి.

ఇప్పుడు మధ్యాహ్నం సంగతి. పదకొండున్నరకు కచేరీలు మూస్తారు. పన్నెండయ్యేసరికి ఊరు పడుకుంటుంది. బజార్లో బట్టల కొట్టావిడ తాన్ల మధ్య మడతమంచం వేసుకుని కళ్లు మూసుకుంటుంది. అద్దె మోటారు సైకిలతను ఆ బండి మీదే వెల్లకిలా పడుకుని, కాళ్లు హ్యాండిల్ మీద పెట్టుకుంటాడు. హోటలు కుర్రాడు రెండు బల్లలు కలుపుకుంటాడు. మా గది కింద ఇంటావిడ ఉయ్యాలలో పడుకునేది. ఎవరూ ఎవరినీ లేపరు. ఏదైనా కొనాలంటే రెండింటిదాకా ఆగాలి. ఆగడం తప్ప చేసేదేమీ లేక మేమూ పడుకున్నాం. కొన్నాళ్లకు పన్నెండు కొట్టేసరికి కళ్లు వాటంతటవే మూతపడేవి.

ఆ నిశ్శబ్దంలో అమ్మ గుర్తొచ్చింది.

నాన్న తపాలా శాఖలో చేసేవారు. ప్రభుత్వమిచ్చే సెలవు యాత్రకు మమ్మల్ని పూరీ తీసుకెళ్లారు. వెళ్లేముందు రాత్రి పోస్టాఫీసు నోటు కాగితం మీద పెన్సిల్‌తో గీతలు గీసి పట్టిక వేశారు. దర్శనం, భోజనం, సాక్షిగోపాలం, భువనేశ్వర్, కోణార్క. పక్కన వేళలు. ఆయన నిజాయితీ మనిషి. సర్కారు సొమ్ముతో వెళ్తున్నాం కాబట్టి ఒక్కటీ వదలకూడదని ఆయన పట్టుదల. పూరీ సముద్రం ఒడ్డున అమ్మ ఇసుకలో కూర్చుంది. చీర కుచ్చిళ్లు తడిసిపోతున్నా జరగలేదు. నాన్న చేతి గడియారం చూసుకున్నారు. "ఏమండీ, ఇంకాసేపు ఉందామండీ" అంది అమ్మ. "కోణార్క బస్సుకు టైమైపోయింది, లే" అన్నారు. లేచింది. చీర దులుపుకుని నడిచింది. కోణార్కలో చక్రాలన్నీ చూసింది. నాకు గుర్తున్నంతవరకు మళ్లీ ఎక్కడా ఇంకాసేపు ఉందామని అడగలేదు.

పట్టికల మీద నా కోపమంతా అక్కడ పుట్టింది. ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో ఆ ఇసుక తరఫునే వాదిస్తున్నాను.

కానీ క్వి న్యోన్ మధ్యాహ్నంలో నాకు కనిపించింది పూరీలోని అమ్మ కాదు. మా ఇంట్లో అమ్మ. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వాకిలి చిమ్మి, ముగ్గు పెట్టి, బావి నీళ్లు తోడి, మామ్మకు మడి వంట, నాన్నకు క్యారేజీ, మాకు చద్దన్నం. ఒంటిగంటన్నరకు గిన్నెలు బోర్లించి, ముందుగది గచ్చు తడిగుడ్డతో తుడిచేది. ఆ తడి ఆరీ ఆరకముందే చెంగు పరుచుకుని పడుకునేది. తల పక్కన వారపత్రిక, సీరియల్ పేజీ మడిచి. అలమరలో రేడియో సన్నగా పాడుతుండేది. ఆ గంటన్నర ఆ గది తలుపు మేం తీసేవాళ్లం కాదు. దెబ్బ తగిలినా వీధరుగు మీదే ఏడ్చుకునేవాళ్లం. ఆదివారం నాన్న ఇంట్లో ఉంటే తన పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయేవారు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో ఒకటి పురమాయించే మామ్మ కూడా ఆ వేళకు నోరు మెదిపేది కాదు. మూడున్నరకు అమ్మ లేచి పొయ్యి వెలిగించేది. ఆ వేళ ఆమె ముఖం పొద్దుటి ముఖంలా ఉండేది కాదు. అది నాకు ఇవాళ్టికీ కళ్లముందుంది.

ఆ గంటన్నర ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. ఏళ్ల తరబడి రోజూ అదే వేళకు పడుకుని పడుకుని దాన్ని సంపాదించుకుంది. ఒక రోజు ఒంటిగంటకు, ఒక రోజు మూడింటికి, తీరినప్పుడు పడుకుని ఉంటే ఆ ఇంట్లో ఆమెకు ఎప్పటికీ తీరేది కాదు. వేళ ఖాయమైంది కాబట్టే తలుపు మూసుకుంది. పూరీలో ఆమె ఇంకాసేపు అడిగింది, దొరకలేదు. ఇంట్లో అడగలేదు, కానీ రోజూ దొరికింది. ఈ రెండో అమ్మను నేను ఇన్నేళ్ల వాదనలో ఎక్కడా చెప్పలేదు. కాబట్టి నా పాత మాటకు ఇవాళ ఒక సవరణ రాసిపెడుతున్నాను. విశ్రాంతికి వేళ ఉండాలి. అది గట్టిగా ఉండాలి. నలుగురికీ తెలిసి ఉండాలి.

నలుగురికీ అన్నది ముఖ్యం. విహారానికి వెళ్లిన చోట మనం పొడుగు కుర్చీలో వాలి ఉంటే, పక్కన ఒక కుర్రాడు ట్రే పట్టుకుని నిలబడి ఉంటాడు. నాకు అక్కడ ఒళ్లు వాలదు. క్వి న్యోన్‌లో మాకు కాఫీ ఇచ్చిన మనిషీ, గది తుడిచిన మనిషీ, బండి నడిపిన మనిషీ పడుకున్న వేళకే మేమూ పడుకున్నాం. ఆ నిద్రలో బెరుకు లేదు. ఇక్కడ మళ్లీ నా కుర్చీల గోలకు వస్తాను, విసుక్కోకండి. మన పెద్ద చీరల దుకాణాల్లో అమ్మాయిలు పొద్దున పదింటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారు. కాళ్ల నరాలు ఉబ్బిపోయినా గోడకు ఆనుకోవడానికి లేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కునిస్తూ చట్టం మార్చాయి. కోజికోడ్‌లో బట్టల కొట్ల ఆడవాళ్లే ఏళ్లపాటు పోరాడి దాన్ని సాధించారు. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి కొట్టులోనూ అది కళ్లకు కనపడాలి. కుర్చీ వేయడమొక్కటే చాలదని ఇప్పుడనిపిస్తోంది. మధ్యాహ్నం ఒక అరగంట, షట్టరు సగం దించి, అమ్మేవాళ్లంతా ఒక్కసారే కూర్చునే వేళ ఉండాలి. కొనేవాళ్లం మనం ఆగగలం.

మా పక్కింటి అమ్మాయీ వాళ్లాయనా సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తారు. వాళ్లింటికీ ఆ కరపత్రం వచ్చింది. "పిన్నిగారూ, మాకు ఒక్క వారమే సెలవు. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. కాగితం తీసుకుని నేనే పట్టిక వేసిచ్చాను. ఒకే ఊరు, క్వి న్యోన్. తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర సముద్రంలో. ఏడింటికి కాఫీ, ఫోను గదిలోనే వదిలేసి. తొమ్మిది నుంచి పదకొండున్నర ఎవరికి నచ్చిన పని వాళ్లు, కలిసే ఉండాలని లేదు. పన్నెండు నుంచి రెండు నిద్ర. ఐదింటికి మళ్లీ నీళ్లు. రాత్రికి బాన్ సియో. మన అట్టులాగే బియ్యప్పిండితో, చిన్న పెనాల మీద, బతికున్న రొయ్యలు వేసి కాలుస్తారు. ఆకులూ పచ్చిమామిడి తురుమూ పెట్టి పల్చటి బియ్యపు అప్పడంలో చుట్టుకు తినాలి. శాకాహారులైతే 'చాయ్' అని బోర్డున్న కొట్లు వెతుక్కోవాలి. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో ఆ కొట్లు కిటకిటలాడతాయి. సైగాన్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున్న దియూ చీ స్టేషన్లో దిగవచ్చు. అక్కడి నుంచి ఊరు పది కిలోమీటర్లు.

వెళ్లే నెల కూడా రాసిచ్చాను. మార్చి నుంచి ఆగస్టు మధ్యలో. సెప్టెంబరు దాటితే అక్కడ వానలు, అక్టోబరు నవంబరుల్లో తుఫాన్లు. 2025 నవంబరు మొదటివారంలో కల్మేగి తుఫాను ఆ ఊరి పరిసరాల్లోనే తీరం దాటింది. ఇళ్ల కప్పులు లేచిపోయాయి, పడవలు విరిగిపోయాయి. హుద్‌హుద్ తుఫాను చూసిన మాకు ఆ ఫొటోలు చూస్తుంటే కాళ్లూ చేతులూ ఆడలేదు. మావారికి తెడ్డు నేర్పిన పెద్దాయన పడవ ఉందో పోయిందో కనుక్కునే దారి మాకు లేదు. మీరు వెళితే ఆ ఒడ్డున వెదురు థుంగ్ ఒక్కటైనా ఎక్కండి. గదివాళ్ల ద్వారా కాకుండా డబ్బు నేరుగా పడవవాళ్ల చేతిలోనే పెట్టండి.